చెయ్యి ఆగిన చోటు

మా వీధిలో ఎవరికైనా చెయ్యో కాలో విరిగి కట్టు విప్పారని తెలిస్తే చాలు, ఇప్పుడు నేను వాళ్ళింటికి వెళ్తున్నాను. పిలవకపోయినా వెళ్తున్నాను. నా కుడి చెయ్యి చూపించి, నా మాదిరి చేసుకోవద్దని చెప్పి వస్తున్నాను. కొందరు కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. కొందరు 'ఈమె మళ్ళీ తయారైంది' అన్నట్టు చూస్తారు. అనుకోనీ. నేను వెళ్ళలేని ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రాయడానికి నా చెయ్యి బాగానే వంగుతుంది. అదే నా ఏడుపు. రాతకు వంగుతుంది, నేతకు వంగుతుంది, అన్నం ముద్ద తీసుకుని నా నోటిదాకా మాత్రం రాదు.

మాది ధర్మవరం. పట్టు నేసే ఇల్లు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం. మా ఆయన రామాంజి, ఆయన తల్లి నాగరత్నమ్మ, నేను. నా పేరు సరోజ. మాకు పిల్లలు లేరు. పడసాలలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద ఆయన, రెండోదాని మీద నేను. నా పక్కన కూర్చుని, అంచులో అడ్డపోగును దాటించే నాడె విసిరేది మా అత్త. పెళ్ళి చీరల పెద్ద అంచుకు వేరే రంగు వస్తుంది కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. అట్లా నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మేం అత్తాకోడళ్ళం పొద్దస్తమానం భుజం భుజం రాసుకుని కూర్చున్నవాళ్ళమే. ఆమె నోరు పెద్దది. నాకేమీ చిన్నది కాదు. మగ్గం చప్పుడు లేకపోతే మా మాటలు వీధి చివరికి వినపడేవని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

చైత్రం

ఉగాది పోయి కొన్నాళ్ళయింది. రంగు వేయించి తెచ్చిన పట్టు నూలును మిద్దె మీద కర్రలకు వేసి ఆరబెట్టాం. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలి లేచింది. మా వైపు ఎండాకాలంలో లేచే గాలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాన చుక్క రాదు, ఊళ్ళో మట్టి అంతా ఇంట్లోకి వస్తుంది. నేను పరుగెత్తుకుంటూ పైకి పోయి పట్టునంతా రెండు చేతులా వాటేసుకుని దిగుతున్నాను. కాళ్ళ కింద మెట్టు కనపడలేదు.

పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపి గోడను పట్టుకుంటారు. నేను పట్టుకోలేదు. పట్టు నేల తాకకూడదని రెండు చేతులూ పైకెత్తాను. మోచెయ్యి బండ అంచుకు తగిలింది. ఆ చప్పుడు నాకు వినిపించింది.

మా అత్త వచ్చింది. ముందు నా చేతుల్లోంచి పట్టు తీసుకుని దులిపి లోపల పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"పట్టు?" అన్నాను.

"నలగలేదు లేమ్మే. నువ్వు లెయ్."

లేవబోయి చూసుకుంటే చెయ్యి నాది కానట్టు వేలాడుతోంది. ఈ సంగతి చెప్తే బయటివాళ్ళు మా అత్తను తిట్టుకుంటారు. ఆమె పడి ఉంటే నేనూ ముందు పట్టే తీసేదాన్ని. నేత ఇళ్ళల్లో మనుషులం అట్లాగే తయారవుతాం.

అనంతపురంలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ఇంటికి వచ్చాక చెయ్యి మెడకు వేలాడేసుకుని తిరిగాను. జడ వేసుకోలేను, చీర కట్టుకోలేను. మా ఆయన అన్నం కలిపి పెట్టేవాడు. సిగ్గేసేది. మా అత్త ఆ సమయానికి కావాలనే పెరట్లోకి వెళ్ళిపోయేది. కొడుకు పెళ్ళానికి అన్నం పెట్టడం చూడలేకనో, మాకు సిగ్గు కాకూడదనో, నేను ఎప్పుడూ అడగలేదు.

వైశాఖం, జ్యేష్ఠం

కట్టు విప్పినప్పుడు చెయ్యి ఎంత వంగుతుందో చూడమన్నారు. కొంచెం కూడా వంగలేదు. ఎముక అతికింది గానీ కీలు బిగిసింది, ఫిజియోథెరపీకి రావాలి అన్నారు. అట్లా వారం వారం పాసింజరు బండెక్కి అనంతపురం పోవడం మొదలైంది.

ఆ వరండాలో కూర్చున్న గంటలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. ఫ్యాను ఒకటి ఉండేది, దాని కిందకు చేరడానికి జనం జరిగి జరిగి కూర్చునేవాళ్ళు. లోపల్నుంచి ఎవరిదో అరుపు వస్తే బయట అందరం ఎవరి చెయ్యి వాళ్ళు, ఎవరి కాలు వాళ్ళు పట్టుకునేవాళ్ళం. ఒకరోజు ఉరవకొండ నుంచి వచ్చిన ఆమె నా పక్కన కూర్చుంది. వాళ్ళాయనకు భుజం విరిగిందట. ఆమె ఒళ్ళో ఉడకబెట్టిన చెనిక్కాయలు. ఒలిచి వాళ్ళాయన నోట్లో ఒకటి వేసి, నా వైపు తిరిగింది.

"నోరు తెరువు చెల్లీ."

"వద్దక్కా."

"సిగ్గెందుకు? ఆ చేత్తో ఎట్ల ఒలుస్తావు? తెరువు."

తెరిచాను. ముక్కూ మొహం తెలియని మనిషి నాకు గింజలు ఒలిచి పెడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అది చూడనట్టు మాట మార్చింది.

"చేనికి పోతానని ఒకటే గోల ఈయన. విత్తనం యేసే కాలం గదా. చెయ్యి పైకి లేసేదాకా గడప దాటితే కాళ్ళు ఇరగ్గొడ్తానని చెప్పినా."

"ఇంగ అదొక్కటే మిగిలింది," అన్నాడు ఆయన. వరండాలో అందరం నవ్వాం.

ఆ ఉరవకొండ ఆమె ఇప్పుడు ఎక్కడుందో గానీ, ఆమెకున్న గట్టిదనం మా ఇంట్లో ఒక్కరికైనా ఉండి ఉంటే బాగుండేది.

లోపల వ్యాయామం చేయించే మేడం చిన్న వయసు. మెత్తగా మాట్లాడుతూనే ప్రాణం తీసేది. వేడి కాపడం పెట్టి, నా మణికట్టు పట్టుకుని మెల్లగా నా భుజం వైపు వంచేది. నొప్పి పళ్ళల్లోకి వచ్చేది. మొదటిరోజే ఆమె నాకొక గురి పెట్టింది.

"అమ్మా, మీ చేత్తో మీరు అన్నం తినాలి. మీ బొట్టు మీరు పెట్టుకోవాలి. ఆ రోజు నేనే మిమ్మల్ని రావద్దంటాను. అప్పటిదాకా మాత్రం మానొద్దు."

ఇంట్లో కూడా చేసేదాన్ని. గోడకు ఆనుకుని, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని వంచడం. రోజూ అంతే నొప్పి, రోజూ వెంట్రుకవాసి లాభం. జ్యేష్ఠం చివరికి నా చెయ్యి సగానికి వంగింది. ముద్ద పట్టుకుని లేపితే నోటికి జానెడు దూరంలో ఆగింది. ఆ జానెడే కదా, వస్తుందిలే అనుకున్నాను.

ఆషాఢం

నేను పడ్డ నాటికి నా మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. శ్రావణంలో ముహూర్తం ఉన్న పెళ్ళికూతురిది. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు మంచివాడే, తొందర పెట్టలేదు. ఒక్కసారి వచ్చి, నా చెయ్యి చూసి, మగ్గం వైపు చూసి, "చూడండప్పా" అని మాత్రం అని వెళ్ళాడు.

మా ఆయన నేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేయకూడదు. ఒక్కో మనిషి దెబ్బ ఒక్కో తీరుగా ఉంటుంది. ఆయన పోగును బిగించే పలకను గట్టిగా కొడతాడు, నాది మెత్తని దెబ్బ. ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు అందుకుంటే, చెయ్యి మారిన చోట బట్టలో అడ్డంగా గీత పడినట్టు తెలుస్తుంది. పెళ్ళి చీరలో అట్లాంటి గీత ఎవరూ ఒప్పుకోరు. మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. పైగా సగం నేసిన పడుగు మగ్గం మీద నెలల తరబడి పడుంటే ఇంటికి మంచిది కాదని మా అత్త నమ్మకం. పొద్దున్నే మగ్గం మీది గుడ్డ తీసి, చూసి, నిట్టూర్చి మళ్ళీ కప్పేది.

ఒకరోజు నేను గోడ దగ్గర చెయ్యి వంచుకుంటూ మూలుగుతుంటే అంది.

"ఆ గోడతో ఏం కొట్లాడ్తావే? మగ్గం మీద కూకో. చెయ్యి దానంతట అదే వస్తాది. మా నాయనకు మణికట్టు ఇరిగితే ఏ డాక్టరు బాగు చేసినాడు? మగ్గమే గదా బాగు చేసింది."

మా ఆయన కాదనలేదు. వీధిలో ఎవరిని అడిగినా అదే మాట. నేతగాళ్ళకు మగ్గమే మందు అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. గోడతో చేసే పని వట్టి నొప్పి. మగ్గంతో చేస్తే అందులో ఒక చీర వస్తుంది. పనికిరాని నొప్పికి వారానికోసారి బండెక్కి పోవడమెందుకు?

మేడంతో చెప్పాను. ఆమె నా చెయ్యి వదిలిపెట్టి నా మొహం చూసింది.

"మగ్గం వ్యాయామం కాదమ్మా. మగ్గానికి ఎంత వంపు కావాలో అంతే మీ చెయ్యి నేర్చుకుంటుంది. మిగిలింది మర్చిపోతుంది. ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి."

సరేనన్నాను. తర్వాతి వారం వెళ్ళలేదు. ఆ పై వారం కూడా వెళ్ళలేదు.

శ్రావణం

ఆ నెల ఎంత సంతోషంగా గడిచిందో చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోగానే చెయ్యి తాడును వెతుక్కుంటూ పోయింది. నాడె తాడు లాగడానికి మోచెయ్యి సగం వంగితే చాలు. నాకున్నది సరిగ్గా ఆ సగమే. మొదట్లో నొప్పి ఉండేది, రానురాను పోయింది. నొప్పి పోతే బాగయినట్టే అనుకున్నాం. పక్కన అత్త అంచు నాడె విసురుతూ, "చూసినావా, నేను చెప్పలే?" అని గంటకోసారి అనేది. చీర ముగిసింది. ఎక్కడా గీత లేదు. మడత పెట్టి షావుకారుకు ఇచ్చిన రోజు మా ఆయన మిఠాయి తెచ్చాడు. నా నోట్లో ఆయనే పెట్టాడు. అప్పుడు కూడా మాకు తట్టలేదు.

తినడానికి ఎడమ చేత్తో చెంచా పట్టుకునేదాన్ని. ఎడమ చేత్తో తినడం మా అత్త చూడలేకపోయేది. కంచం ముందు నేను చెంచా తీయగానే మొహం పక్కకు తిప్పుకునేది. "ఇంగెన్నాళ్ళే ఇది?" అనేది. "వస్తాది అత్తా, వస్తాంది గదా," అనేదాన్ని. మరో చీర ఎక్కించాం. దాని తర్వాత ఇంకొకటి.

కార్తీకం

దీపాలు పెట్టే రోజుల్లో ఒకసారి గోడ దగ్గర నిలబడి చెయ్యి వంచి చూసుకున్నాను. ఆషాఢంలో ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. ఎడమ చేత్తో నెట్టాను. రాయిని నెట్టినట్టుంది.

అనంతపురానికి ముగ్గురం వెళ్ళాం. అత్త ఆ ఆసుపత్రికి రావడం అదే మొదటిసారి. ఫోటో తీసి చూసి డాక్టరు నిదానంగా చెప్పాడు. కీలు అక్కడే గడ్డకట్టుకుపోయిందట. మళ్ళీ కోసి విడదీయొచ్చట గానీ, పూర్తిగా వస్తుందని చెప్పలేడట, నాకున్న షుగరుతో అది ఇంకా కష్టమట.

"ఆ మగ్గం మీద కూకోకుండా ఈడికే వచ్చుంటే?" అని మా అత్త అడిగింది.

డాక్టరు నా వైపు చూశాడు. "వచ్చేదేమోనమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

బయటికి వచ్చాం. అదే వరండా, అదే ఫ్యాను. మేడం లోపల ఎవరి కాలో వంచుతోంది. నన్ను చూసి బయటికొచ్చి, నా మోచెయ్యి పట్టుకుని చూసింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. నా వీపు నిమిరి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఏడవకుండా ఉండేదాన్ని.

బండిలో ధర్మవరం వచ్చేదాకా మా అత్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఆ రోజు ఇంట్లో నేను కంచం ముందు కూర్చుని చెంచా కోసం చూస్తే లేదు. అత్త దాన్ని ఎక్కడో దాచేసింది. నా ఎదురుగా కూర్చుని, సంగటిలో పప్పు కలిపి ముద్ద చేసి నా నోటి ముందు పెట్టింది.

"తిను."

"అత్తా..."

"తినమంటి గదా."

తిన్నాను. ఆ రోజు నుంచి రోజూ ఆమే పెట్టేది. నాకు పెట్టాకే తను తినేది. నేనే గదా కూర్చోమన్నది అని ఆమె అనలేదు, నువ్వే గదా అన్నావు అని నేనూ అనలేదు. కోపం లేదా అంటే ఉంది. కొన్ని రోజులు ముద్దతో పాటు కోపాన్ని కూడా మింగాను. ఆమె మీద, ఆయన మీద, ఆ చీర కట్టుకున్న పెళ్ళికూతురి మీద కూడా. అందరికంటే ఎక్కువగా నా మీద.

పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. పంక్తిలో విస్తరి ముందు కూర్చుని ఎడమ చేత్తో తినలేను, అందరి మధ్యా పెట్టించుకోలేను. జీవితమంతా పెళ్ళి చీరలు నేసిన దాన్ని, పెళ్ళి భోజనానికి దూరమయ్యాను.

పుష్యం, మాఘం

ఒక పొద్దున నేస్తుంటే అంచు నాడె జారింది. "ఏందత్తా, నిద్రపోతాండావా?" అన్నాను. మళ్ళీ జారింది. తిరిగి చూస్తే ఆమె మూతి ఒక పక్కకు పోయింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దాన్ని కుడి చేత్తో పట్టుకుని ఇదేందన్నట్టు చూసుకుంటోంది.

ఆసుపత్రి నుంచి తెచ్చాక మంచం పట్టింది. మాట ముద్దగా వచ్చేది. ఎడమ వైపు పనిచేయదు. కుడి చెయ్యి కదిలేది గానీ వణుకు. అన్నం నోటికి చేరేలోపు సగం ఒళ్ళో పడేది. అప్పుడు నేను ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ముద్ద కలిపి చెయ్యి చాపాను.

అందింది. నా నోటికి రాని చెయ్యి, ఎదురుగా దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఆమె నోటికి సరిగ్గా అందింది. కొలిచి పెట్టినట్టుగా అక్కడే ఆగింది. నా చేత్తో నేనెవరికీ గోరుముద్దలు పెట్టలేదు. మొదటిసారి పెట్టింది ఆమెకే.

నాలుగు ముద్దలు తిని ఆమె నోరు మూసుకుంది. "నువ్వు?" అంది. నేను తర్వాత తింటానంటే తల అడ్డంగా ఊపింది. వణుకుతున్న చెయ్యి కంచంలో పెట్టి, కొంచెం తీసి నా వైపు చాపింది. దారిలో సగం రాలింది. మిగిలింది నేను ముందుకు వంగి అందుకున్నాను. ఆ తర్వాత అదే మా అలవాటయింది. ఒకే కంచం, ఆమెకు నేను, నాకు ఆమె. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, కళ్ళు తుడుచుకుని మగ్గం దగ్గరికి పోయేవాడు.

ఆమె చేతికి వ్యాయామం నేనే చేయించేదాన్ని. మేడం నాకు నేర్పినదంతా ఆమెకు చేశాను. ఒక్కపూట మానలేదు. ఆమె ఎడమ చేతిని పట్టుకుని పూర్తిగా వంచి వేళ్ళు పెదాలకు తాకించేదాన్ని. ఒకసారి ఆమె నవ్వింది.

"చచ్చుబడిన చెయ్యి నోటిదాకా పోతాది. బతికున్న చెయ్యి పోదు. చూడే మన రాత."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె ఏడ్చింది. "నేనే గదమ్మే కూకోమన్నది" అంది, ముద్దముద్దగా. నాకు అర్థం కానట్టు నటించాను. ఆమె మళ్ళీ అంది. "నేను మాత్రం కూకోనంటినా అత్తా?" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

మామ పోయినప్పటి నుంచి మా అత్త కుంకుమ భరిణె ముట్టుకునేది కాదు. పండక్కి కూడా నాకు దూరం నుంచే చూపించేది. నా చెయ్యి పాడయ్యాక బొట్టు మా ఆయన పెట్టేవాడు, రోజూ వంకరే. మాఘంలో ఒక పొద్దున ఆయన పెట్టబోతుంటే అత్త మంచం మీది నుంచి చెయ్యి చాపింది. భరిణె ఇటివ్వమంది. ఆయన బిత్తరపోయాడు.

"వద్దులేమ్మా, నువ్వు..."

"ఇయ్యిరా."

ఇచ్చాడు. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాను. ఆమె వేలు నుదుటి మీద తాకి, వణికి, జారి, మళ్ళీ తాకింది. తర్వాత అద్దంలో చూసుకుంటే ఆయన పెట్టినదానికంటే వంకరగా ఉంది. ఆ రోజంతా తుడుచుకోలేదు.

ఆ నెల దాటకుండానే ఆమె పోయింది. చివర్లో తులసి నీళ్ళు పోయమన్నారు. ముందు కొడుకు పోశాడు. తర్వాత నేను ఉద్ధరిణి పట్టుకుని వంగాను. నా చెయ్యి ఆమె పెదాల దగ్గరికి తడుముకోకుండా పోయింది. రోజూ పోయే దారే కదా.

ఇప్పుడు

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. నా పక్కన అంచు నాడె వేసే మనిషి లేదు కాబట్టి వేరే రంగు అంచు లేని చీరలు నేస్తున్నాను. చెయ్యి నొప్పి లేదు. చూసేవాళ్ళు బాగయిపోయిందే అంటారు.

చెయ్యి విరిగినవాళ్ళకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పని చేయగలిగితే కోలుకున్నట్టు కాదు. నొప్పి పోతే బాగయినట్టూ కాదు. మీ కీలు పుట్టుకతో ఎంత వంగేదో అంత వంగేదాకా గోడను వదలొద్దు, ఆసుపత్రి వరండాను వదలొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు, పని మీద కూర్చోమని. వాళ్ళ మీద కోపం వద్దు. మాట మాత్రం వినొద్దు.

చెంచా మా అత్త దాచిన చోట, బియ్యం డబ్బాలో దొరికింది. దానితోనే తింటున్నాను. ఎవరూ లేనప్పుడు మాత్రం కుడి చేత్తో ముద్ద కలిపి లేపి చూస్తాను. జానెడు దూరంలో ఆగిపోతుంది. నెట్టినా రాదు. ఆ ముద్ద ఆగిన చోట మొన్నటిదాకా మా అత్త నోరు ఉండేది.